పతకం తర్వాతి ఏడాది
యువ శాస్త్రవేత్తల పురస్కారాల గురించి పెద్దపల్లిలో చేసిన స్మారకోపన్యాసం



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతున్నదో ఆయన పేరు మీ చేతుల్లోని ఆహ్వాన పత్రంలో ఉంది. నేను మాత్రం ఊరందరూ పిలిచినట్టే సైన్సు సారు అంటాను. సారు పెద్ద పదవులు చేయలేదు. జిల్లా పరిషత్ బడుల్లో భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పి రిటైరయ్యారు. ప్రయోగం చేయించకుండా పాఠం ముగించేవారు కాదు. బడిలో సామాను లేకపోతే సొంత డబ్బు పెట్టి కరీంనగర్ నుంచి తెచ్చేవారు. పిల్లలు సరైన జవాబు చెబితే తలూపి ముందుకు సాగేవారు. మంచి ప్రశ్న అడిగితే మాత్రం, అడిగినవాళ్ల పేరుతో సహా ఆ ప్రశ్నను బోర్డు మీద ఒక మూలన రాసి, జవాబు దొరికేదాకా చెరపనిచ్చేవారు కాదు. ఆయన ఇచ్చిన పురస్కారం అదే. దాన్ని అందుకున్నవాళ్లలో కొందరు ఈ సభలో ఉన్నారు.

సారు పేరిట ధర్మనిధి పెట్టి, ఏటా ఒక విద్యార్థికి బహుమతి ఇవ్వాలని ఆయన కుటుంబం, శిష్యులు సంకల్పించారు. ఆ బహుమతి ఎలా ఉంటే బాగుంటుందో ఈ వేదిక మీద చెప్పమన్నారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. పూర్తయిన పనికి మెచ్చుకోలుగా ఇచ్చే సత్కారం పెద్దవాళ్లకు తగినది. చిన్నవాళ్లకు ఇచ్చేది మాత్రం వాళ్లు చేయబోయే పనికి ఆసరా కావాలి. అది ఎంత గొప్పదో తేలేది చప్పట్లు మోగిన రోజున కాదు, ఆ తర్వాతి ఏడాదిలో.

నెలకు 75 రూపాయలు

1913 నాటికి శ్రీనివాస రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా. జీతం నెలకు 30 రూపాయలు. లెక్కల్లో తప్ప మరి దేనిలోనూ మనసు నిలవక ఎఫ్.ఏ. పరీక్ష తప్పారు. చేతిలో డిగ్రీ లేదు. ఆ ఏడాది వాతావరణ శాఖ అధిపతి గిల్బర్ట్ వాకర్ మద్రాసు వచ్చారు. మన వానాకాలం అంచనాలకు ఇప్పటికీ ఆధారంగా ఉన్న పసిఫిక్ మహాసముద్రపు పీడన మార్పులను గుర్తించింది ఈ వాకరే. స్వతహాగా గణితజ్ఞుడు. రామానుజన్ పని చూసి, ఈ యువకుడికి బతుకు తెరువు చింత లేకుండా చేయమని మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాశారు. పరిశోధక వేతనం కావాలంటే డిగ్రీ ఉండాలన్నది రివాజు. విశ్వవిద్యాలయం ఆ రివాజును పక్కన పెట్టి, నెలకు 75 రూపాయల చొప్పున రెండేళ్లకు వేతనం మంజూరు చేసింది. మూడు నెలలకోసారి చేసిన పని మీద నివేదిక ఇవ్వాలని అడిగింది.

ఇందులో పతకం లేదు, సభ లేదు. రోజంతా లెక్కల కోసం గడిపే వీలు మాత్రం ఉంది. మరుసటి ఏడాది మార్చిలో ఆయన ఇంగ్లండుకు ఓడెక్కారు. 1920లో, 32 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ 75 రూపాయలు అయిదేళ్లు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో ఊహించండి. అందుకేనేమో, తంజావూరు దగ్గరి శాస్త్ర విశ్వవిద్యాలయం 2005 నుంచి రామానుజన్ పేరిట ఇస్తున్న గణిత పురస్కారానికి 32 ఏళ్లనే వయోపరిమితిగా పెట్టింది. ఎంత చిన్న వయసులో ఎంత పని సాధ్యమో ఆ ఒక్క అంకె చెబుతుంది.

రెండో ఉదాహరణ మన తెలుగువాళ్లది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో బోస్టన్ చేరారు. ఆ ప్రయాణానికి మామగారి సాయంతో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండ తోడైంది. ఒక వర్తకుడు తన ఆస్తిని ధర్మానికి రాసిపెట్టి వెళ్లిన సంస్థ అది. బోస్టన్‌లో సుబ్బారావు ఆస్పత్రిలో రాత్రి పని చేసుకుంటూ చదివారు. రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించారు. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన పరిశోధన నుంచి మెథోట్రెక్సేట్ వచ్చింది. బోదకాలుకు వాడే డీఈసీ మందు వచ్చింది. మన ప్రాంతంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి దగ్గరుండి మింగించే మాత్రల్లో ఆ మందు ఒకటి. కాకినాడ ధర్మకర్తలు ఆ నిర్ణయం తీసుకున్నప్పుడు తమ డబ్బు గోదావరి ఎగువన పల్లెపల్లెకూ చేరే మందుగా మారుతుందని వాళ్లకు ఎలా తెలుస్తుంది? తెలియకుండానే ఇచ్చారు. ధర్మనిధి పెట్టేవాళ్లకు కావాల్సింది ఆ ధైర్యమే. మన నిధి చిన్నదని ఎవరూ చిన్నబుచ్చుకోవద్దు.

ఆలస్యంగా వచ్చే గౌరవం, సమయానికి దొరికే పని

సి.ఆర్. రావు గారి సంగతి కూడా చెప్పాలి. తెలుగు కుటుంబంలో 1920లో పుట్టి, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. ఉద్యోగం దొరక్క కలకత్తా వెళ్లి, మహలనోబిస్ స్థాపించిన భారతీయ గణాంక సంస్థలో చేరారు. 1945లో, పాతికేళ్ల వయసులో, ఆయన రాసిన ఒక్క పత్రం నుంచి గణాంకశాస్త్రం నేటికీ పాఠాలు చెప్పుకుంటోంది. కొద్దిపాటి నమూనాల నుంచి మొత్తాన్ని అంచనా వేసేటప్పుడు ఆ అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో, అంతకు మించి ఎందుకు ఉండలేదో అందులో చూపించారు. ఆ పత్రానికి గాను గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి ప్రకటించింది 2023లో. అప్పటికి ఆయన వయసు 102 ఏళ్లు. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ కూడా అంతే. 1930లో ఇంగ్లండు వెళ్లే ఓడలో, పందొమ్మిదేళ్ల వయసులో, నక్షత్రాల అంతిమ దశ గురించి కట్టిన లెక్కలు ఆయన కృషికి పునాది. నోబెల్ బహుమతి 1983లో వచ్చింది.

ఇలాంటి గౌరవాలు శాస్త్రవేత్తకు ఆనందమిస్తాయి, జాతికి గర్వకారణమవుతాయి. పని చేయించేవి మాత్రం అవి కావు. రావు గారి చేత పని చేయించింది, మహలనోబిస్ ఆయనకు 1940లలోనే ఇచ్చిన ఉద్యోగం, గ్రంథాలయం, లెక్కించడానికి నిజమైన సమస్యలు. 1946లో కేంబ్రిడ్జికి పంపింది కూడా ఒక పని మీదే. అక్కడి మ్యూజియంలో ఉన్న పురాతన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించే పని అది. దాన్ని చేస్తూనే ఆర్.ఎ. ఫిషర్ దగ్గర డాక్టరేట్ పూర్తిచేశారు.

దేశం ఇస్తున్నవి, మానేసినవి

మన దేశంలో యువ శాస్త్రవేత్తలకు అన్నిటికంటే ఎక్కువ పేరు తెచ్చింది శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం. సీఎస్ఐఆర్ వ్యవస్థాపకుడు భట్నాగర్ 1955 జనవరి 1న మరణించాక, ఆయన స్మృతిలో 1957లో దీన్ని నెలకొల్పారు. 1958లో తొలి గ్రహీత కె.ఎస్. కృష్ణన్. వయోపరిమితి 45 ఏళ్లుగా ఉండేది. సి.ఆర్. రావు కూడా దీన్ని అందుకున్నారు. తొలి మహిళ రసాయన శాస్త్రజ్ఞురాలు అసీమా ఛటర్జీ. 1961లో ఆ గౌరవం దక్కేసరికి ఆమె వయోపరిమితి అంచున ఉన్నారు. ఆ తర్వాత అరవై ఏళ్లు గడిచినా ఆ జాబితాలో మహిళలు నూటికి అయిదుగురు కూడా లేరు. ఆడపిల్ల పరిశోధన కుదురుకునే ఏళ్లు, పెళ్లి, కాన్పులు, పిల్లల పెంపకం ఒకేసారి వస్తాయి. ఆ ఏళ్లను లెక్కలోకి తీసుకోని వయోపరిమితి ప్రతిభను కొలిచినట్టు కాదు, తీరికను కొలిచినట్టు.

2022లో కేంద్ర ప్రభుత్వం శాస్త్ర పురస్కారాలన్నిటినీ సమీక్షించి చాలావాటిని ఎత్తేసింది. 2023లో రాష్ట్రీయ విజ్ఞాన్ పురస్కారాలను తెచ్చింది. వాటిలో విజ్ఞాన్ యువ విభాగానికి భట్నాగర్ పేరే ఉంచారు. 45 ఏళ్ల లోపువారికి, ఏటా గరిష్ఠంగా 25 మందికి ఇస్తారు. తొలిసారి 2024 ఆగస్టు 22న రాష్ట్రపతి భవన్‌లో అందజేశారు. ఆ యువ గ్రహీతల్లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యుడు అరవింద్ పెన్మత్స ఒకరు. నాడీకణాల మధ్య సంకేతాలు మోసే రసాయనాలను కణంలోకి తిరిగి చేర్చే ప్రోటీన్ల నిర్మాణం మీద ఆయన పని చేశారు. మానసిక వ్యాధుల మందుల్లో కొన్ని పనిచేసేది ఆ ప్రోటీన్ల మీదే.

పైమెట్టు పురస్కారాలను సర్దడం మంచిదే. నా బాధ కింది మెట్ల గురించి. 1963 నుంచి నడిచిన జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష 2021 తర్వాత ఆగిపోయింది. సైన్సు మీద మక్కువ ఉన్న ఇంటర్, డిగ్రీ విద్యార్థులను ఎంపిక చేసి, డిగ్రీ చదువులో నెలనెలా వేతనమిచ్చి నిలబెట్టిన కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజన 1999లో మొదలై 2022లో ముగిసింది. పెద్దపల్లి లాంటి చోట ఒక ప్రభుత్వ బడి విద్యార్థి పేరు దిల్లీ దాకా చేరేందుకు ఉన్న దారులు అవి. పట్నం పిల్లలకు ఇంకో దారి దొరుకుతుంది. మన పిల్లలకు దొరకదు.

మన చేతిలో ఉన్నది

ఇప్పుడు మన బడులకు మిగిలిన పెద్ద అవకాశం ఇన్‌స్పైర్ మానక్ పథకం. బడి తరఫున ఉపాధ్యాయులు అయిదు ఆలోచనలను పంపవచ్చు. ఎంపికైన విద్యార్థి నమూనా తయారు చేసుకోవడానికి 10,000 రూపాయలు నేరుగా ఆ విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడతాయి. ఆ తర్వాత జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి ప్రదర్శనలు. జాతీయ స్థాయిలో మెప్పు పొందినవారికి జపాన్ చూసి వచ్చే వీలు కూడా ఉంది.

ఇది మన పిల్లలకు అందని ద్రాక్ష కాదు. పాత కరీంనగర్ జిల్లాలోనే, వేములవాడ దగ్గరి హన్మాజీపేట జిల్లా పరిషత్ బడిలో చదివిన ఒక విద్యార్థి, వడ్లను సంచుల్లోకి నింపే యంత్రాన్ని రూపొందించి జాతీయ స్థాయి దాకా వెళ్లాడు. కొనుగోలు కేంద్రంలో ఆ పని ఎలా జరుగుతుందో మీరంతా చూసినవాళ్లే. ఒకరు గోనె సంచి మూతి పట్టుకుని వంగి ఉండాలి. ఇంకొకరు గంపతో ఎత్తి పోయాలి. మరొకరు సంచిని కాంటా మీదికి లాగాలి. ఎండలో, దుమ్ములో రోజంతా అదే పని. ఆ ఇబ్బందిని కళ్లారా చూసిన పిల్లవాడికే ఆ యంత్రం తోస్తుంది. ఏ ఖరీదైన బడిలోనూ ఆ పాఠం లేదు.

ఒక జిల్లా ప్రదర్శనలో నేను చూసిన ఒక అమ్మాయి గురించి చెబుతాను. ఆమె టేబుల్ మీద లైట్లు లేవు, మోటారు లేదు. ఒక నోటు పుస్తకం, నాలుగు చిన్న సంచుల్లో వడ్లు, అంతే. వాళ్ల నాన్న వడ్లను కేంద్రానికి తెచ్చి, తేమ 17 శాతానికి దిగేదాకా రోజుల తరబడి ఆరబోసి కాపలా ఉన్నాడట. పల్చగా పోస్తే త్వరగా ఆరుతాయని అందరికీ తెలుసు. కానీ కల్లంలో జాగా తక్కువైనప్పుడు, మందంగా పోసి ఎన్నిసార్లు తిరగేస్తే పల్చగా పోసినదానితో సమానమవుతుంది? ఇదీ ఆమె ప్రశ్న. రెండు వేళ్ల మందం, నాలుగు వేళ్ల మందం, గంటకోసారి తిరగేసినవి, పూటకోసారి తిరగేసినవి అని గళ్లు గీసి, కేంద్రంలోని తేమ యంత్రంతో కొలిచిన అంకెలు రాసుకుంది. ఒక రోజు అంకెలన్నీ కొట్టేసి పక్కన "మబ్బు" అని రాసింది. ఆ ఒక్క మాట చూసి నాకు ఒళ్లు పులకరించింది. తన ప్రయోగాన్ని ఏది చెడగొట్టిందో గుర్తించి, ఆ అంకెలను దాచకుండా కారణం రాసిపెట్టడం శాస్త్రవేత్త లక్షణం. వచ్చిన పరీక్షకులు "వర్కింగ్ మోడల్ ఏదమ్మా?" అని అడిగి ముందుకు వెళ్లిపోయారు. బహుమతి పక్క టేబుల్ మీది రంగురంగుల నమూనాకు వెళ్లింది. ఆ అమ్మాయి తర్వాత ఏం చదివిందో నాకు తెలియదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

అలాంటి ప్రదర్శనల్లోనే మన లోపాలన్నీ కనబడతాయి. దుకాణంలో కొన్న నమూనాలు, పాత ప్రదర్శనల్లోంచి ఎత్తుకొచ్చిన ఆలోచనలు బల్లల నిండా ఉంటాయి. అయిదు ఆలోచనలు పంపే వీలున్నా, ఆన్‌లైన్‌లో నమోదు చేసే తీరిక లేక కొన్ని బడులు ఒక్కటీ పంపవు. ఖాతా వాడుకలో లేకనో, ఆధార్ జతకాకనో వచ్చిన డబ్బు పిల్లలకు అందని సందర్భాలు ఉంటాయి. వీటన్నిటికంటే పెద్ద లోపం, పతకం వచ్చాక ఎవరూ మళ్లీ పలకరించకపోవడం. పదో తరగతి పూర్తవగానే పిల్లలు ఎప్‌సెట్ కోచింగ్‌లో పడతారు. ఇంటర్ ప్రాక్టికల్స్ చాలా చోట్ల పరీక్షల ముందు కొద్దిరోజుల తతంగంగా ముగుస్తాయి. ఎనిమిదో తరగతిలో రగిలిన కుతూహలం ఆ రెండేళ్లలో చల్లారిపోతుంది. ఫొటో మాత్రం బడి గోడ మీద మిగులుతుంది.

ఈ ధర్మనిధికి నా విన్నపం

అందుకే సారు పేరిట ఇచ్చే బహుమతి గురించి నాలుగు మాటలు విన్నవిస్తున్నాను.

మొదటిది, డబ్బు మొత్తం వేదిక మీదే ఇవ్వకండి. ఆలోచన ఎంపికైన రోజు కొంత ఇచ్చి, మిగతాది ఏడాది పొడుగునా, మూడు నెలలకోసారి నోటు పుస్తకం చూపినప్పుడు ఇవ్వండి. మద్రాసు విశ్వవిద్యాలయం రామానుజన్‌ను అడిగింది కూడా అదే. ప్రయోగం విఫలమైతే డబ్బు ఆపకండి. విఫలమైన ప్రయోగాన్ని నిజాయితీగా రాసినందుకు ఇంకో అవకాశం ఇవ్వండి. కొన్న నమూనాను మాత్రం మొదటి వడపోతలోనే పక్కన పెట్టండి.

రెండోది, డబ్బుతో పాటు ఒక మనిషిని ఇవ్వండి. మన చుట్టుపక్కల శాస్త్రం తెలిసినవాళ్లకు కొదవ లేదు. రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ థర్మల్ కేంద్రం ఉంది. దాని జలాశయం మీద 100 మెగావాట్ల సౌర ఫలకాలు తేలుతున్నాయి. 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారం స్థానంలో ఇప్పుడు ఆర్ఎఫ్‌సీఎల్ యూరియా తయారు చేస్తోంది. సింగరేణి గనులు ఉన్నాయి. సెంటినరీ కాలనీలో జేఎన్టీయూ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. జగిత్యాల పక్కన పొలాసలో, జగిత్యాల సన్నాలు రూపొందించిన వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. నీళ్లను, బొగ్గును, మట్టిని, గింజను రోజూ పరీక్షించే కెమిస్టులు, ఇంజినీర్లు, శాస్త్రవేత్తలు మన ఇరుగుపొరుగులే. వాళ్లలో ఒక్కరు నెలకో పూట ఒక విద్యార్థికి కేటాయిస్తే, ఆ పిల్లలకు ప్రయోగశాల తలుపు తెరుచుకున్నట్టే. ఆ మనుషులను వెతికి ఒప్పించడం నిధి కమిటీ బాధ్యత కావాలి.

మూడోది, ఆడపిల్లల దారి ఖర్చు కూడా బహుమతిలో భాగంగా లెక్కించండి. పొలాసకో హైదరాబాదుకో వెళ్లాలంటే తోడు ఒకరు రావాలి. ఆ ఒక రోజు కూలి పోతుందని ఎన్నో ఇళ్లలో "వద్దు బిడ్డా" అంటారు. తోడు వచ్చేవారి చార్జీలు, కోల్పోయిన కూలి నిధి నుంచి ఇవ్వండి. పదో తరగతిలో బహుమతి అందుకున్న విద్యార్థిని ఇంటర్ రెండేళ్లూ వదలకండి. ఏ గ్రూపు తీసుకున్నారో, ల్యాబ్‌లో ఏం చేస్తున్నారో అడుగుతూ ఉండండి.

నాలుగోది, మార్గం చూపిన ఉపాధ్యాయుడినో ఉపాధ్యాయురాలినో అదే వేదిక మీద, అదే రోజు గౌరవించండి. ఆలోచన పిల్లలదే అయినా, బడి అయ్యాక గంట సేపు కూర్చుని ఆ ఆలోచనను కాగితం మీద పెట్టించి, ఆన్‌లైన్‌లో ఎక్కించి, ఖాతా తెరిపించి, బస్సులో దగ్గరుండి తీసుకెళ్లేది వాళ్లే. ఆ శ్రమకు ఏ జీవోలోనూ చోటు లేదు.

ముందు వరుసల్లోని పిల్లలకు ఒక మాట. బహుమతి రావాలని ప్రయోగం మొదలుపెట్టకండి. మీ ఇంట్లో, చేనులో, గని దగ్గర, మిల్లు దగ్గర మిమ్మల్ని నిలవనీయని ప్రశ్న ఏదో దానితో మొదలుపెట్టండి. కొలవండి. రాసుకోండి. తప్పిన అంకెను చెరపకండి. బహుమతి రాకపోయినా ఆ నోటు పుస్తకం మీదే.

పెద్దలారా, వచ్చే ఏడాది ఇదే రోజున మనం మళ్లీ కలుస్తాం. అప్పుడు కొత్త విజేతను పిలవడానికి ముందు, ఈ ఏడాది గెలిచిన విద్యార్థిని వేదిక మీదికి పిలవండి. "ఈ ఏడాదంతా ఏం చేశావు?" అని అడగండి. సభంతా ఓపిగ్గా వినండి. ఆ జవాబు చెప్పడానికి ఆ విద్యార్థి దగ్గర ఏదో ఒకటి ఉండేలా చూసే పూచీ ఈ రోజు నుంచే మన అందరిదీ.